అరవై ఒకటో పేజీ

జూలై 1, సోమవారం

మారివిక్ వచ్చింది. ఒకప్పుడు నా క్లాసులో మూడో బెంచీ. ఇప్పుడు నేను ముప్ఫై నాలుగేళ్ళు పాఠం చెప్పిన కాలేజీలోనే కంప్యూటర్ శాఖకు పెద్ద. నా పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తున్నారట. ఎనభై ఆరులో సైక్లోస్టైల్ కాగితాల మీద మొదలైన పుస్తకం. సి అనే కంప్యూటర్ భాషలో గొలుసులూ చెట్లూ ఎలా కట్టాలో ఈ ఇలోయిలో నగరంలో మొదట రాసింది నేను. తర్వాత రాసినవాళ్ళంతా అందులోంచి ఎత్తుకున్నవాళ్ళే. వాళ్ళ పేర్లు రాయడం మొదలుపెడితే ఈ నోట్‌బుక్ చాలదు.

ప్రూఫుల మీద పందొమ్మిదో తేదీలోగా సంతకం పెట్టాలి. కట్ట బల్ల మీద పెట్టి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఒక్క పేజీ మార్చాలి సార్. అరవై ఒకటి."

"ఏముంది అందులో?"

"గొలుసు మొత్తాన్ని విడిచిపెట్టే లైను."

"పుస్తకం మొత్తంలో అందమైన లైను అది."

"అందమైనదే సార్. తప్పు."

లూర్దింగ్ వంటింట్లోంచి తొంగి చూసింది. నా చెల్లెలు. అన్నయ్యను నొంగ్ అనే పిలుస్తుంది. భర్త పోయాక ఇక్కడే ఉంటోంది. నాతో ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడితే చాలు, తలుపు దగ్గరికి వచ్చేస్తుంది.

ఆ లైను గురించి నాకు చెప్తున్నారు. నాకు. గొలుసంటే పెట్టెలు. ప్రతి పెట్టెలో కొంత సరుకు, తర్వాతి పెట్టె ఎక్కడుందో రాసిన ఒక చీటీ. పని అయిపోయాక పెట్టెలన్నీ ఒక్కొక్కటిగా యంత్రానికి తిరిగి అప్పగించాలి. నా లైను పెట్టెను అప్పగిస్తుంది, ఆ వెంటనే అందులోని చీటీ చదువుకుని ముందుకు పోతుంది. అప్పగించాక పెట్టె మనది కాదు, చీటీ ముందే చదివి చేతిలో పెట్టుకోవాలి అంటుంది మారివిక్. దానికోసం ఒక అదనపు పేరు, ఒక అదనపు లైను. నాది ఒకే లైను. ముప్ఫై ఎనిమిదేళ్ళు నడిచింది.

అంతటితో ఆగలేదు. సవరణ కింద చిన్న అక్షరాల్లో ఒక మాట వేయాలట. ఈ తప్పును 1992లో మొదట గుర్తించినది వియొలేటా తూపాస్ అని.

ప్రూఫులు తీసుకుపొమ్మన్నాను. తీసుకుపోలేదు.

ఆ తూపాస్ పిల్ల పాఠం మధ్యలో లేచి క్లాసు వదిలి వెళ్ళిపోయింది. ఫెయిల్ చేశాను. ఈరోజైనా అదే చేస్తాను.

జూలై 2

సంతకం పెట్టను.

జూలై 4

పాత కంప్యూటర్ మీద దుమ్ము దులిపాను. గొలుసు కట్టాను. పెట్టెల్లో ఊళ్ళో జీప్నీ బళ్ళు ఆగే చోట్ల పేర్లు పెట్టాను: హారో, లాపాస్, మోలో, అరేవలో, మందూర్యావో. కట్టడం, నా లైనుతో విడిచిపెట్టడం. పదివేలసార్లు తిప్పాను. ఒక్కసారి కూడా తడబడలేదు.

మారివిక్‌కు ఫోన్ చేసి చెప్పాను.

"మీరు ఖాళీ చేసిన ఇంట్లో కళ్ళజోడు మర్చిపోయారనుకోండి సార్. మర్నాడు వెళ్తే కిటికీలో అలాగే ఉంది. అంతమాత్రాన ఆ ఇల్లు ఇంకా మీదేనా?"

"కళ్ళజోడు దొరికిందా లేదా?"

"దొరికింది."

"అయితే నీకొచ్చిన బాధేంటి?"

ఈ కాలం పిల్లలకు యంత్రమే వెనకాల తిరిగి ఊడుస్తుంది. పెట్టె ఎప్పుడు విడవాలో వాళ్ళకు తెలియనక్కర్లేదు. మేం ప్రతి పెట్టెనూ పేరుపెట్టి పిలిచి, పని అయ్యాక సాగనంపేవాళ్ళం. ఒకే పెట్టెను రెండుసార్లు అప్పగించినవాడిని, ఫంక్షన్ ముగియగానే మాయమయ్యే చోటు చిరునామాను బయటికి మోసుకొచ్చినవాడిని, అసలు అప్పగించడమే మర్చిపోయినవాడిని, అందరినీ ఎర్రసిరాతో పట్టుకున్నాను. ఎన్ని వందలమందిని. నన్ను పట్టుకోడానికి మూడో బెంచీ వచ్చింది.

జూలై 5

అలమారలో దొరికింది. పాత యంత్రం మాన్యువల్. అందులో స్పష్టంగా ఉంది: విడిచిపెట్టిన చోటులోని విషయం చెదరకుండా ఉంటుంది. అచ్చక్షరాలతో. ఆ వాక్యాన్ని నమ్మే ఎనభై ఆరులో ఆ లైను రాశాను. నాది అజ్ఞానం కాదు. నేను చదివినవాణ్ణి. చదవనివాళ్ళు నన్ను దిద్దుతున్నారు.

ఈ పేజీ జెరాక్స్ తీయించి డీన్‌కు పంపుతాను.

జూలై 8

పంపలేదు. మారివిక్కే వచ్చింది. నా కంప్యూటర్ మీదే చూపిస్తానంది. ఆమె ల్యాప్‌టాప్ తెరవనివ్వకూడదని ముందే అనుకున్నాను, ఆమె తేనే లేదు.

"మీ పుస్తకంలో ఏడో అభ్యాసం చదవండి సార్."

చదివాను. గొలుసును విడిచిపెడుతూ, ఒక్కో పెట్టె పోయినప్పుడల్లా ఏది పోయిందో ఒక వాక్యం తయారుచేసి తెరమీద చూపించండి. రాసింది నేనే.

"చేద్దామా?"

చేసింది. వాక్యం తయారుచేయాలంటే యంత్రాన్ని కొంత చోటు అడగాలి. యంత్రం ఇప్పుడే ఖాళీ అయిన చోటు ఇచ్చింది. హారో పెట్టె పోయింది, ఆ చోట వాక్యం వచ్చి కూర్చుంది. నా లైను చీటీ కోసం అక్కడికే వెళ్ళి, ఆ వాక్యంలోని అక్షరాలనే చిరునామా అనుకుని చదివింది. లాపాస్ రాలేదు. మోలో రాలేదు. తెర నిండా చెత్త, ఆ తర్వాత ఏమీ లేదు.

నా యంత్రం. నా అభ్యాసం. నా లైను.

"ఇన్నేళ్ళుగా ఏడో అభ్యాసం ఎలా చేశారు పిల్లలు?" అని అడిగాను.

మారివిక్ నేల చూసింది. "మొదటిరోజే చెప్తాం సార్. అరవై ఒకటో పేజీలో పెన్సిల్‌తో దిద్దుకోండి అని."

"ఎప్పట్నుంచి?"

"నేను చేరినప్పట్నుంచి. పదిహేనేళ్ళు. నాకన్నా ముందు చెప్పినవాళ్ళు కూడా దిద్దించారట."

"అందరూ?"

"అందరూ సార్."

"నాకు ఒక్కడూ చెప్పలేదు."

"ఒకమ్మాయి చెప్పింది సార్. మీరు ఆమెను ఏం చేశారో మేం చూశాం."

బల్ల మీది ప్రూఫులు తీసి ఆమె చేతుల్లో పెట్టి తలుపు చూపించాను. ఆమె వాటిని గుమ్మం పక్క కుర్చీలో పెట్టి వెళ్ళింది.

జూలై 9

కరెంటు లేదు. మంచిదే.

జూలై 10

ప్రతి ఏడాదీ మొదటిరోజు, క్లాసు నిండా పిల్లలు నా పుస్తకం తెరిచి పెన్సిళ్ళు చెక్కుకోవడం.

నేను కారిడార్‌లో వెళ్తుంటే లేచి నమస్కారం పెట్టినవాళ్ళు వీళ్ళేనా. ఇంటికి కేకు తెచ్చినవాళ్ళు వీళ్ళేనా. రిటైరైన రోజు వేదిక మీద నా గురించి కన్నీళ్ళు పెట్టుకుని మాట్లాడిన ఆ మహానుభావుడి పుస్తకంలో కూడా పెన్సిల్ గీత ఉండే ఉంటుంది.

తప్పు దిద్దారు. నన్ను దిద్దలేదు. ముసలాడిని బుజ్జగించి పక్కన కూర్చోబెట్టారు.

జూలై 12

తొంభై రెండులో ఏం జరిగిందో రాస్తాను. ఎవరో చెప్పుకునే తీరు వేరు.

గొలుసు పాఠం నేను ఆట ఆడించి చెప్పేవాణ్ణి. ముప్ఫై కుర్చీలు, ముప్ఫైమంది. ప్రతివాడి చేతిలో తర్వాతివాడి కుర్చీ నంబరు రాసిన చీటీ. మొదటివాడిని లేపి, "నీ పని అయింది, బయటికి నడు" అంటాను. గుమ్మం దాకా పోతాడు. "నీ చీటీలో ఎంత?" అని అడుగుతాను. "పదిహేడు సార్" అంటాడు గుమ్మంలోంచి. పదిహేడో కుర్చీని లేపుతాను. అలా గది ఖాళీ అయ్యేదాకా. ఏళ్ళ తరబడి ఆడించాను. ఒక్కసారి కూడా తెగలేదు. వాళ్ళు గుమ్మంలోనే ఆగేవాళ్ళు. ఎందుకు ఆగరు. పిలిచేది నేను.

తొమ్మిదో కుర్చీ వియొలేటా తూపాస్. అంతకుముందు రెండుసార్లు కాగితం మీద రాసి ఇచ్చింది, బయటికి పంపినవాడిని ప్రశ్న అడగకూడదు సార్ అని. రెండుసార్లూ సున్నా వేసి తిరిగిచ్చాను.

"నీ పని అయింది, బయటికి నడు."

నడిచింది.

"నీ చీటీలో ఎంత?"

ఆమె గుమ్మంలో ఆగలేదు. గొంతు పెంచి మళ్ళీ అడిగాను. గుమ్మంలో వేరే శాఖ కుర్రాడొకడు నిలబడి ఉన్నాడు, ఫీజు కౌంటర్‌లో ఇచ్చిన టోకెన్ చేత్తో పట్టుకుని, వరుస ఎప్పుడు కదులుతుందా అని. తననే అడిగాననుకున్నాడు. మర్యాదస్తుడు. టోకెన్ చూసి చెప్పాడు.

"నూట నలభై రెండు సార్."

ముప్ఫై కుర్చీల గదిలో.

అంత నవ్వు నా క్లాసులో అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. మారివిక్ కూడా నవ్వింది, చూశాను. వియొలేటా అరగంట తర్వాత మూతి తుడుచుకుంటూ వచ్చింది. ఎదురు వీధిలో బచోయ్ నూడుల్స్ తినొచ్చింది.

"వెళ్ళమన్నారు, వెళ్ళాను సార్. చెప్తే వినలేదు మీరు. అందుకే చూపించాను."

క్రమశిక్షణ కింద ఫెయిల్ చేశాను. రిజిస్టర్‌లో అలాగే ఉంటుంది. మనీలాలో ఆ పిల్లకు ఉద్యోగం చూసిపెట్టి ఉందని, డిగ్రీ చేతికి రాగానే చేరాలని నాకు తర్వాత తెలిసింది.

తర్వాత కాదు. అప్పుడే తెలుసు.

జూలై 14, ఆదివారం

పూజ అయ్యాక చర్చి మెట్ల మీద లూర్దింగ్ అంది, "నొంగ్, ఆ తూపాస్ అమ్మాయి మోలోలోనే ఉంది తెలుసా?"

"నాకెందుకు?"

"చర్చి వెనక వీధి. త్రాసుల దుకాణం. బజార్లో నువ్వు బేరమాడి తెచ్చే చేప ఉంది చూడు, దాన్ని తూచే నంబర్ల త్రాసు ఆవిడదే. లోపల నడిచే ప్రోగ్రాం కూడా ఆవిడే రాస్తుందట."

"ఎవరు చెప్పారు?"

"చేపలావిడ. పదేళ్ళకిందట."

"పదేళ్ళుగా నాకెందుకు చెప్పలేదు?"

"నీకు ఏ సంగతి చెప్పినా చెప్పినవాళ్ళదే తప్పవుతుంది నొంగ్. ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను."

ఇంటికి వచ్చేదాకా ఆమెతో మాట్లాడలేదు. దారిలో తనే నా గొడుగు కూడా పట్టింది.

జూలై 16

మాన్యువల్ సంచిలో పెట్టుకుని మోలో వెళ్ళాను. క్షమాపణ కోసం కాదు. ఆ వాక్యం చూపించడానికి.

చిన్న దుకాణం. గోడలకు విప్పిన త్రాసులు. యాభై దాటిన మనిషి, జుట్టు కత్తిరించుకుంది, నుదుటి మీద కళ్ళద్దాలు. నన్ను చూసి చేతిలోని పని ఆపలేదు.

"ఏ త్రాసు తెచ్చారు సార్?"

"త్రాసు తేలేదు."

"సంచి బరువుగా ఉంటే చూసి అడిగాను. కూర్చోండి, ఆ స్టూల్ మీద కాదు, అది ఊగుతుంది."

ఊగేదాని మీదే కూర్చున్నాను. మాన్యువల్ తీసి, చీటీ పెట్టిన చోట తెరిచి, ఆమె ముందుంచాను. అద్దాలు దించుకుని చదివింది. నవ్వింది, పెదవులతో మాత్రమే.

"ఉంది. నాకు తెలుసీ వాక్యం. ఒకప్పుడు నిజమే."

"నేను దీన్ని నమ్మి రాశాను."

ఆమె పుస్తకం మూసి అట్ట తిప్పింది. లోపలి వైపు కాలేజీ లైబ్రరీ ముద్ర. తిరిగి ఇవ్వడం మర్చిపోయాను. ముద్ర పక్కన తేదీ. మార్చి, 1995.

"నేను వెళ్ళిపోయిన మూడేళ్ళకు వచ్చింది సార్ ఇది కాలేజీకి" అంది మెల్లగా. పుస్తకం తిరిగి నా సంచిలో తనే పెట్టింది. "ఆ రోజు దీన్ని చూపించి ఉంటే నేనే మీతో కూర్చుని వాదించేదాన్ని. నాకు బాగుండేది. మీరు చూపించలేదు. అప్పుడు మీ దగ్గరున్నది ఎర్రపెన్ను ఒక్కటే."

బయట ఎవరో స్కూటర్ ఆపి, త్రాసు అయిందా వియీ అని అడిగారు. నాలుగింటికి రమ్మంది.

"మారివిక్ ఫోన్ చేసింది. నా పేరు వేస్తారటగా."

"వెయ్యాలని ఆమె పట్టు."

"వద్దు సార్."

"ఎందుకు?"

"కృతజ్ఞతలు అని వేసి, కింద నా పేరు. పండక్కి పంచే బియ్యం పొట్లంలాగా. నాకక్కర్లేదు. రాస్తే మొత్తం రాయండి. ఆ అమ్మాయి చెప్పింది, చెప్పినందుకు ఫెయిల్ చేశాను అని. ఆ రెండో మాట లేకపోతే మొదటిదీ వద్దు."

"నువ్వు క్లాసులో నన్ను నవ్వులపాలు చేశావు."

"చేశాను. దానికి తిడితే సరిపోయేది."

స్టూల్ ఊగింది. లేచాను.

"క్షమించమని అడగడానికి వచ్చారా?"

"కాదు."

"మంచిది సార్. నాలుగింటికి త్రాసు ఇవ్వాలి."

జూలై 17

ఎనభై ఆరులో ఆ మాన్యువల్ నేను చూడలేదు. తొంభై ఐదులో చూశాను. చూసిన రోజు ఎంత ఊరట కలిగిందో గుర్తుంది. అప్పట్నుంచీ, అది చదివే రాశానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఎప్పటికి నమ్మేశానో గుర్తులేదు.

ఆ లైను ఎలా రాశాను? అందంగా ఉందని రాశాను. నడిచింది కాబట్టి వదిలేశాను. అంతే.

జూలై 18

డీన్ ఫాబ్రేగాస్ ఆఫీసుకు వెళ్ళాను. కాఫీ తెప్పించాడు, బిస్కట్లు తెప్పించాడు. పుట్టినప్పటి నుంచి అందరితోనూ ఏకీభవిస్తున్న మొహం.

రాసి తీసుకెళ్ళిన కాగితం ఇచ్చాను. అరవై ఒకటో పేజీలో పాత లైను అలాగే ఉంచి, దాని మీద గీత కొట్టి, కింద సరైన లైన్లు. వాటి కింద నాలుగు వాక్యాలు.

చదివాడు. నాలుగో వాక్యం దగ్గర కళ్ళు ఆగడం చూశాను.

"ఇది చాలా పెద్దమనసు సార్. కానీ ఫెయిల్ చేశాను అన్న మాట... పాఠ్యపుస్తకం కదా. కాలేజీ పేరు కూడా ఉంటుంది."

"కాలేజీ రిజిస్టర్‌లో ఉన్న మాటే అది."

"రిజిస్టర్ ఎవరు చూస్తారు సార్? మీ గౌరవం కోసమే చెప్తున్నాను. లైను మేం దిద్దేస్తాం. ఆమెకు కృతజ్ఞతలు వేస్తాం."

"కృతజ్ఞతలు ఆమెకు వద్దు. మొత్తం వెయ్యండి, లేకపోతే పుస్తకమే వెయ్యకండి."

"అయితే పేరు తీసేద్దాం. లైను మాత్రం దిద్దుతాం. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"నా సంతకం లేకుండా ఎలా వేస్తారు?"

ఎనభై ఆరు నాటి కాగితం తీశాడు. హక్కులన్నీ కాలేజీవి. ప్రూఫుల మీద నా సంతకం మర్యాద కోసమేనట. నేను చదవకుండా సంతకం చేసిన కాగితం, నా సంతకమే.

ఇన్నాళ్ళూ పెన్సిల్‌తో చేసింది ఇప్పుడు అచ్చులో చేస్తారు. ఇక గరిబాయ్ అనే నేను ఎప్పుడూ తప్పు రాయలేదు. వియొలేటా తూపాస్ అనే మనిషి లేదు.

బిస్కట్ తినలేదు.

జూలై 19

ప్రూఫులు సంతకం లేకుండా తిప్పి పంపాను.

ఆగస్టు 3

ఆహ్వానం వచ్చింది. పన్నెండో తేదీ, కొత్త విద్యాసంవత్సరం మొదటిరోజు, డబ్బు కట్టిన పిల్లలకు పుస్తకం పంచుతారు. గ్రంథకర్త ప్రతి విద్యార్థికీ సంతకం చేసి ఇస్తారు. బంగారు అంచు కార్డు. కింద ఫాబ్రేగాస్ చేత్తో రాశాడు, "మీరు రావాలి సార్" అని.

వెళ్తాను.

ఆగస్టు 4

"వెళ్ళి గొడవ పెట్టుకోవుగా నొంగ్?" అంది లూర్దింగ్.

"సంతకాలు పెట్టడానికి పిలిచారు. పెడతాను."

నా మొహం కాసేపు చూసి, చొక్కా ఇస్త్రీ చేయడానికి తీసుకుపోయింది.

ఆగస్టు 12, సోమవారం

చేయి వాచింది. అయినా ఈరోజు రాయాలి.

ఆడిటోరియంలో పొడుగాటి బల్ల, పూలు, కట్టలు కట్టలుగా పుస్తకాలు. పిల్లలు వరుసలో. ఫాబ్రేగాస్ నా గురించి మాట్లాడాడు. నలభై ఏళ్ళలో ఒక్క అక్షరం మార్చనవసరం లేని పుస్తకం అన్నాడు. చప్పట్లు. మారివిక్ కొట్టలేదు.

మొదటి కుర్రాడు పుస్తకం మొదటి పేజీ తెరిచి పెట్టాడు. నేను అరవై ఒకటికి తిప్పాను. ఖాళీ అంచులో పాత లైను రాశాను, దాని మీద గీత కొట్టాను. కింద రాశాను:

'ఇక్కడ ఈ తప్పు ఉండేది. రాసింది నేను. 1992లో వియొలేటా తూపాస్ చూపించింది. చూపించినందుకు ఆమెను ఫెయిల్ చేశాను.' కింద సంతకం. పొలికార్పో గరిబాయ్.

"సార్, సంతకం మొదటి పేజీలో కదా పెట్టేది?"

"నాది ఇక్కడే."

వాడు చదువుకుంటూ పక్కకు పోయాడు. వెనకవాళ్ళు వాడి భుజం మీదుగా చదివారు. వరుస గుసగుసలాడింది, కానీ కదిలింది. ఇరవై, ముప్ఫై. అచ్చులో లైను దిద్ది ఉంది, శుభ్రంగా, ఎప్పుడూ అలాగే ఉన్నట్టు. దాని పక్కనే నా సిరా.

నలభై దగ్గర ఫాబ్రేగాస్ వచ్చాడు. చదివాడు. వంగి నా చెవిలో అన్నాడు, "సార్, ఇది కాలేజీ ఆస్తి."

"కొనుక్కున్నవాళ్ళ ఆస్తి. అడగండి వాళ్ళనే."

ముందున్న అమ్మాయి తన పుస్తకం గుండెకు హత్తుకుంది. "నాకు రాసిందే కావాలి సార్" అంది, డీన్‌తో.

ఫాబ్రేగాస్ మైకు దగ్గరికి పోయి, కార్యక్రమం ముగిసింది, అందరూ ఫలహారానికి రావాలి అన్నాడు. ఎవరూ కదల్లేదు. రెండోసారి చెప్పాడు. ఆ తర్వాత బల్ల మీద మిగిలిన పుస్తకాలు ఎత్తబోయాడు. మారివిక్ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. తర్వాతి పుస్తకం అందుకుని, అరవై ఒకటో పేజీ తెరిచి, మూసుకుపోకుండా అరచేత్తో నొక్కిపట్టి నా వైపు జరిపింది. ఫాబ్రేగాస్ ఆమె చేయి చూశాడు, నన్ను చూశాడు, ఫలహారం దగ్గరికి పోయాడు.

తర్వాత అంతా అలాగే. ఆమె తెరుస్తుంది, నేను రాస్తాను.

"నువ్వు కూడా నవ్వావు ఆ రోజు" అన్నాను, వందో పుస్తకం దగ్గర.

"నవ్వాను సార్. మర్నాడు మీకు ఎదురుచెప్పడానికి ఎవరూ రాలేదు. నేనూ రాలేదు."

"రాసుకో నువ్వు కూడా, నీకు కావాలంటే."

"ముందు మీది అవనివ్వండి."

చివర్లో ఒకమ్మాయి వంగి అడిగింది, "ఆవిడ ఇప్పుడెక్కడున్నారు సార్?"

"మోలో. చర్చి వెనక వీధి. త్రాసులు బాగుచేస్తుంది. అర్థంకానిదేదైనా ఉంటే ఆమెను అడుగు. నాలుగింటి తర్వాత వెళ్ళు, అప్పటిదాకా ఖాళీ ఉండదు."

నూట డెబ్బై ఆరు పుస్తకాలు. ఆఖరి పదింటిలో నా రాత నేనే గుర్తుపట్టేలా లేదు. సంతకం ఎవరిదో అన్నట్టుంది. ఫెయిల్ చేశాను అన్న మాట మాత్రం ప్రతిదాన్లోనూ చదవొచ్చు. ఆపి, చూసుకుని మరీ రాశాను.